ఒక్క బటన్ పెట్టె

మొదటి రోజు. నా డ్యూటీ రేపటి నుంచి.

ఆరు నెలల చలినిద్ర నుంచి పొద్దున్న ఎనిమిదింటికి లేపారు. కళ్ళు తెరిచాను. మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నిర్ఘాంతపోయాను. పందొమ్మిదేళ్ళుగా నేను లేచిన ప్రతిసారీ ఆ కుర్చీలో మా అక్క అప్పలకొండ అల్లం టీ గ్లాసు పట్టుకుని కూర్చునేది. ఈసారి టీ నర్సు తెచ్చింది. నా మొహం చూడకుండా గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సముద్రం అడుగున మా లోతూరులో ఉన్న గాలి, ఉన్న కూడు సగం ఊరికి మాత్రమే చాలుతాయి. అందుకే సగం మంది పడుకుంటే సగం మంది మేలుకుంటారు. నాది మొదటి వంతు, అక్కది రెండో వంతు. ఇద్దరికీ కలిపి ఒకటే ఇల్లు, ఒకటే మంచం. వంతులు మారేటప్పుడు పన్నెండు రోజులు మాత్రం అందరం మెలకువగా ఉంటాం. దాన్ని కలివిడి అంటాం. మేం అక్కాచెల్లెళ్ళలా బతికేది ఏడాదికి ఆ ఇరవై నాలుగు రోజులే. మాకు వేరే ఎవరూ లేరు.

అక్క ఎందుకు రాలేదో నాకు తెలుసు. అలిగింది. పోయిన కలివిడి ఆఖరి రోజున ఇద్దరం పోట్లాడుకున్నాం, అదీ టీవీకి తగిలించే పెట్టె కోసం. పాత పెట్టె మూలుగుతోంది, కొత్తది కొనాలి. అక్కకి నూట ఎనిమిది బటన్ల రిమోట్ ఉన్నది కావాలి. నూట ఎనిమిది నొక్కడానికి నేనేమన్నా హార్మోనియం వాయిస్తానా, నాకు తనే ఏరి చూపించే సులువైనది చాలు అన్నాను.

“నీకు నచ్చిందే సూపించేది పెట్టె కాదే పైడీ. అద్దం,” అంది అక్క.

నాకు ఒళ్ళు మండి, ముసలితనం వస్తే అన్నీ కావాలనే ఉంటుందిలే అన్నాను. అంతే, నేను వండిన చేపల పులుసు ముట్టకుండా లేచిపోయింది. మర్నాడు నన్ను పడుకోబెట్టారు.

నర్సుని అక్క గురించి అడగలేదు. అడిగితే చులకనైపోతాం. అడిగినా చెప్పదు. లేచినవాళ్ళకి పన్నెండు రోజుల దాకా ఎవరూ ఏ కబురూ నోటితో చెప్పకూడదు, చీటీ కూడా రాయకూడదు. ఊరు కట్టిన కొత్తలో ఒకతను లేచీ లేవగానే నలుగురూ ఒక్కసారే తమ్ముడు పోయాడని చెప్పారట. గుండె ఆగిపోయింది. అప్పటి నుంచి నోటికి తాళం. కబురు చెప్పాల్సింది పెట్టే. ఆరు నెలల లోతూరు టీవీ అంతా, సీరియలూ ఊరి కబుర్లూ, ఇంటింటి సంగతులు చెప్పే వార్డు కబుర్లూ, సంఘం మాటలూ, ఈ పన్నెండు రోజులూ దాచి ఉంచుతారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తమాయించుకుంటూ చూసుకోవాలి.

ఇంటికి వెళ్ళాను. ఊడ్చి, సర్ది ఉంది. అక్క కంచం బోర్లించి ఉంది, ఆమె చీరలు ట్రంకులో లేవు. అలిగితే వలలు కుట్టే షెడ్డులో స్నేహితురాలి దగ్గర మకాం పెట్టడం ఆమెకి అలవాటే. పాత టీవీ పెట్టె మీద పైపు కారి ఉప్పు పట్టి చచ్చిపోయింది. పోన్లే, ఇక ఎంపిక నాది.

రెండో రోజు. మూడో గది: 11 నుంచి 10.

పంపుల రిజిస్టరులో రోజుకో పేజీ ఇస్తారు. రాయాల్సింది ఒక్క అంకె. తక్కిన పేజీ దండగ కావడం నాకు నచ్చదు కనక ఇలా రాస్తున్నాను. కింద “రోగి పేరు”, “కారణం” అని రెండు గళ్ళు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ నింపరు. మేముండేది గదుల కిందున్న పంపుల దగ్గర. పైన గదిలో ఎవరున్నారో మాకు అక్కర్లేదు.

మేస్త్రీ గౌరీశు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఇంతకు ముందెప్పుడూ లేవలేదు. మూడో గది నాకు అప్పగించాడు. ఊపిరితిత్తులు చెడినవాళ్ళని నేల మీది ఆసుపత్రికి పంపేటప్పుడు ఆ గదిలో పెట్టి, పది రోజుల పాటు రోజుకో గీత చొప్పున గాలి ఒత్తిడి దించుతాం. మధ్యలో తలుపు తీయడానికి వీల్లేదు, తీస్తే మనిషి దక్కదు. పదకొండో రోజు పొద్దున లిఫ్టు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోతుకి దిగరు.

“నీకే ఏసినాను పైడమ్మా. ఇంకొకల సేతిలో పెట్టడానికి మనసొప్పలేదు,” అన్నాడు గౌరీశు.

నా పనితనం మీద ఇన్నాళ్ళకి గురి కుదిరిందన్నమాట. పొంగిపోయాను. నిజానికి నా చెయ్యి అలాంటిదే. కుర్రకారు వాల్వు ఒక్కసారి తిప్పేసి లోపలివాళ్ళకి చెవిపోటు తెప్పిస్తారు. నేను గంజి వార్చినట్టు వంచుతాను.

మధ్యాహ్నం పార్వతీశం కొట్టుకి వెళ్ళాను. మూడు రకాల పెట్టెలు చూపించాడు. మొదటిది ఆ నూట ఎనిమిది బటన్ల హార్మోనియం. దాని జోలికి పోలేదు. రెండోది నోటితో అడిగితే పలికేది. దాని ముందు తుమ్మాను. మరోసారి సెలవివ్వండి అంది. ఇంట్లో నాకు ఇంత మర్యాద అక్కర్లేదు. మూడోది అప్పడమంత ఉంది. నడిమధ్య ఒకే బటన్. నొక్కితే చాలు, వెనకటి కార్యక్రమాలు వరసగా అదే ఏరి చూపిస్తుందట. ప్రాణం లేచొచ్చింది. మొదట్లో ఒక ప్రశ్న అడుగుతుందనీ, చదువుకుని చెప్పమనీ పార్వతీశం ఏదో అంటూనే ఉన్నాడు. నేను పెట్టెని సంచీలో వేసుకుని నడిచాను. అతని మాటలు పూర్తయ్యేదాకా నిలబడితే కలివిడి అయిపోతుంది.

తెర మీద నిజంగానే ప్రశ్న వచ్చింది, చీమ తలకాయంత అక్షరాల్లో. కళ్ళజోడు ఎక్కడుందో గుర్తులేదు. ఉన్నదే ఒక్క బటన్, ఇంకేం చెప్పాలి? నొక్కాను. “ఉప్పునీటి కాపురం” సీరియల్ మొదలైంది. ఆహా అనిపించింది.

మూడో రోజు. 10 నుంచి 9.

పెట్టె బంగారం. తలనొప్పి లేదు, వెతుకులాట లేదు. సీరియల్లో కోడలికి ఉద్యోగం వచ్చింది. ఇక ఊరి కబుర్లు చూస్తే కళ్ళు తిరిగాయి. పదమూడు కాన్పులు, అన్నీ సుఖంగా. నాచు పంట రెట్టింపు. ఆరు నెలల్లో ఒక్క చెడ్డ వార్త లేదు. లోతూరులో ఇలాంటి కాలం నేను పుట్టాక చూడలేదు.

పక్కింటి దాలమ్మ కూడా మా వంతే, నిన్ననే లేచింది. ఏ పెట్టె కొనాలో తెలియక తల పట్టుకుంది. ఒక్క బటన్‌ది తీసుకో, కళ్ళు మూసుకుని తీసుకో అని నేనే పార్వతీశం కొట్టుకి పంపించాను.

పొద్దున్న ఒత్తిడి దించాక మూడో గది పైపులోంచి టక్, టక్, టక్ అని చప్పుడు వచ్చింది. గాలిబుడగ అయి ఉంటుంది. చూడాలి.

నాలుగో రోజు. 9 నుంచి 8.

క్యాంటీన్లో టిఫిన్ చేస్తూ నిన్నటి సీరియల్లో కోడలు పీతని చూసి ఎగిరి గంతేసిన ముక్క చెప్పి నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. ఒకావిడ తింటున్న ఇడ్లీ వదిలేసి లేచి వెళ్ళింది. నేను చేసిన తప్పేమిటో అర్థం కాక నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

వస్తూ వస్తూ వలల షెడ్డు ముందు నుంచి నడిచాను. కావాలనే. అక్క స్నేహితురాలు గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసింది. రాయిని చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది. లోపల అక్క ఉండే ఉంటుంది, నా గొంతు వినపడుతుందా అని చెవులు రిక్కించి. నేనూ తక్కువ తినలేదు. గట్టిగా దగ్గి, ఆగకుండా వచ్చేశాను. పెద్దది ఆమె. ముందు ఆమే రావాలి.

చప్పుడు ఇవాళా వచ్చింది. మూడుసార్లే. గాలిబుడగ అయితే లెక్కపెట్టి కొట్టదు కదా.

అయిదో రోజు. 8 నుంచి 7.

మూడో గది పైపుని గోడకి పట్టి ఉంచే క్లాంపు వదులైంది. అదీ సంగతి. పైన లోపలివాళ్ళు ఏం తాకించినా ఇక్కడికి వినిపిస్తోంది. రెంచీతో బిగించాను. చప్పుడు ఆగింది. పని అంటే ఇలా ఉండాలి.

సాయంత్రం దాలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. పడుకునే ముందు ఆమె వార్డు ఎన్నికల్లో నిలబడింది. గెలిచానని చెప్పింది. పెట్టెలో చూసిందట, ఆమె ప్రసంగం, చప్పట్లు, దండ. నేనూ సంబరపడి నోరు తీపి చేశాను. ఇద్దరం క్యాంటీనుకి వెళితే దాలమ్మ అక్కడివాళ్ళకి నీళ్ళ డ్రమ్ములు ఇటు జరపండి, బల్లలు అటు వేయండి అని హుకుం జారీ చేసింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. అందరూ తలలు వంచుకుని కంచాల్లోకి చూశారు. ఎంత భయభక్తులో అనుకున్నాను.

ఆరో రోజు. 7 నుంచి 6.

చప్పుడు లేదు. అక్క రాలేదు. సగం కలివిడి అయిపోయింది. ఆరు నెలలకోసారి దొరికే రోజులని ఇలా పంతానికి తగలేసే మనిషిని ఏమనాలి? నేను మాత్రం వెళ్ళను. వండిన పులుసుని అవమానించింది.

చేపల పులుసు మళ్ళీ చేశాను. ఎవరికోసమని కాదు.

ఏడో రోజు. 6 నుంచి 5.

ఇవాళ ఒక విషయం చూసి కొయ్యబారిపోయాను. సీరియల్ రెండు వందల పంతొమ్మిదో భాగంలో అత్తగారు దగ్గుతూ మంచం పట్టింది. తరవాత పెట్టె చూపించింది రెండు వందల ఇరవై ఆరు. అందులో అత్త లేదు. అత్త మంచం లేదు. అత్త అనే మనిషి ఆ ఇంట్లో ఉండేదన్న ఊసే లేదు. కోడలు నవ్వుతూ రొయ్యల వేపుడు చేస్తోంది. మధ్యలో ఆరు భాగాలు ఎక్కడికి పోయాయి?

వెనక్కి తిప్పుదామంటే బటన్ ఒక్కటే. నొక్కితే ముందుకే పోతుంది.

ఊరి కబుర్లు మళ్ళీ పెట్టుకుని ఈసారి పనివాళ్ళ కళ్ళతో చూశాను. గంగాలమ్మ పండగ విందు. అందరూ తింటున్నారు. ఎవరో లోపలికి పరిగెత్తుకొచ్చి నోరు తెరిచారు. అక్కడ చిన్న కుదుపు. మరుక్షణం నాచు పంట. ముప్ఫై ఏళ్ళుగా పంపులతో బతుకుతున్నదాన్ని, ఇక్కడ పోసిన నీళ్ళు అక్కడ తగ్గాయంటే మధ్యలో ఎక్కడో కారుతోందని నాకు ఒకరు చెప్పాలా?

ఎనిమిదో రోజు. 5 నుంచి 4.

పార్వతీశం కొట్టు మూసి ఉంది. నాచు కోతకి అతని వంతు అట, ఎల్లుండి వస్తాడు.

దాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె పెట్టెలోనూ అత్తగారు మాయమే. ఓట్ల లెక్కింపు చూశావా అని అడిగాను. లేదంది. గెలిచినట్టు ఎవరు చెప్పారు అన్నాను. దండ వేశారు కదా అంది. ఆ దండ నామినేషన్ రోజుది. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ ఒక దండ వేశాను. ఆ మాట బయటికి అనకుండా వచ్చేశాను.

ఈ పెట్టె మాకు ఇంకేమేం చూపించలేదు?

తొమ్మిదో రోజు. 4 నుంచి 3.

రాత కుదురుగా రాదు. అయినా రాస్తాను.

పొద్దున్న ఒత్తిడి దించాక గౌరీశుతో మాటల్లో పెట్టె గోల చెప్పాను. వార్డు కబుర్లు అసలు రావడం లేదు, సీరియల్లో అత్త మాయమైంది అన్నాను. అతను చేతిలోని టీ కింద పెట్టేశాడు.

“వార్డు కబుర్లు సూడలేదేటి నువ్వు? ఒక్కటీ?”

లేదన్నాను. గౌరీశు పైపు మీద కూలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, నోటికి తాళం ఎప్పుడూ తీయనివాడు. తీయలేకపోయాడు. లేచి నా ముంజేయి పట్టుకుని క్యాంటీన్‌కి లాక్కుపోయాడు. అక్కడి పెద్ద టీవీకి ఆ నూట ఎనిమిది బటన్ల రిమోట్ ఉంది. తడుముకుంటూ నొక్కాడు. టిఫిన్ తింటున్న జనం ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

తెర మీద మా అక్క. సగానికి సగం అయిపోయింది. ముక్కులో గొట్టం.

“పైడీ. లేచినావా,” అంది. “నా ఊపిరితిత్తులు సెడిపోనాయట. పైకి పంపేత్తన్నారు. నువ్వు లేచే రోజునే నన్ను మూడో గదిలో ఎడతారు. అందుకే కుర్చీ కాడికి రాలేకపోతన్నాను. గది అద్దం కాడికి రా. పులుసు గురించి మనసులో ఎట్టుకోకు. నువ్వు పడుకున్నాక తిన్నాను. ఉప్పు ఎక్కువైనాది.”

క్యాంటీనులో ఎవరో ఏడ్చారు. నేను కాదు. మూడో గది. ఎనిమిది రోజులుగా నేను వాల్వు తిప్పుతున్న గది. అక్కకీ నాకూ మధ్య ఒక పైపు, ఒక ఇనప నేల. నేను దించిన ప్రతి గీతా మా అక్కని నా నుంచి దూరం చేసింది. ఇంత దగ్గరుండి నేను పీత గంతు చూసి నవ్వుకున్నాను. అక్క కబురు ఊరంతా చూసింది. పెట్టె నాకు చెప్పిందనీ, తెలిసీ వెళ్ళకుండా నవ్వుతున్నాననీ అనుకుంది. గౌరీశు నా మీద జాలిపడి, చెల్లెలి చేతి మీదుగానే వెళ్ళనీ అని నాకు ఆ పని ఇచ్చాడు. నేను మెచ్చుకోలనుకున్నాను.

ఎలా పరిగెత్తానో తెలియదు. పై వరండాలో గుండ్రటి మందపాటి అద్దం, పక్కన ఫోను. అక్క అద్దం వైపే మొహం పెట్టి పడుకుని ఉంది. ఎనిమిది రోజులుగా అలాగే పడుకుంటోందని నర్సు తరవాత చెప్పింది. నన్ను చూసి లేచి కూర్చుంది. ఫోను అందుకుంది.

నాకు తెలియదక్కా అన్నాను. పెట్టె చెప్పలేదక్కా అన్నాను. అద్దానికి నుదురు ఆనించి ఏడ్చాను.

“నువ్వు దించుతున్నావని నాకు మొదటి రోజే తెలిసిపోనాది,” అంది అక్క. “ఇంకొకలు దించితే సెవులు పోటెత్తిపోతాయి. నాకు ఒక్క రోజూ నొప్పెట్టలేదు. కోపంతో సూడ్డానికి రాకపోయినా, సెయ్యి మాత్రం నెమ్మదిగానే తిప్పుతున్నాదని, నాను లోపల్నుంచి పైపు మీద కొట్టినాను. ఇన్నావా?”

చిన్నప్పుడు చీకటి గదిలో పక్కపక్క మంచాల మీద పడుకుని, భయమేస్తే ఒకరికొకరం మూడుసార్లు తట్టేవాళ్ళం. నేనున్నాను అని. అది మా ఇద్దరికే తెలుసు. నేను మరిచిపోయాను. మరిచిపోయి రెంచీతో బిగించాను. ఆ సంగతి అక్కకి చెప్పక తప్పలేదు. చెప్పాను.

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది. తరవాత ఫోనులో అంది, “అందుకా. ఆ రోజు నుంచి కొడితే పైపు పలకలేదు. నువ్వు ఇనడం మానేసినావనుకున్నాను.”

ఇంతకు మించి ఇవాళ రాయలేను.

పదో రోజు. 3 నుంచి 2.

తెల్లవారకముందే... అంటే ఆరు గంటల కూతకి ముందే పంపుల దగ్గరికి వెళ్ళి క్లాంపు వదులు చేశాను. వాల్వు తిప్పడం పూర్తయ్యాక రెంచీ పిడితో పైపు మీద మూడుసార్లు కొట్టాను. వెంటనే మూడు వచ్చాయి. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

పార్వతీశం కోత నుంచి వచ్చి సంగతి విని పరిగెత్తుకొచ్చాడు. పెట్టెని మొదటికి తెచ్చి, భూతద్దం పెట్టి ఆ ప్రశ్న చదివి వినిపించాడు. “మీ మనసు నొప్పించే కబుర్లు తీసేయమంటారా? అవునంటే నొక్కండి. వద్దంటే ఒక్క నిమిషం ఏమీ నొక్కకండి.” ఒక్క నిమిషం. నాకు ఆ ఒక్క నిమిషం ఓపిక లేకపోయింది. అతను దండం పెట్టాడు. అతని తప్పేముంది, చెబుతూనే ఉన్నాడు, నేనే నడిచొచ్చేశాను. ఇక ఆ పెట్టెలు అమ్మనని అన్నాడు. అమ్ము, కానీ కొన్నవాళ్ళ పక్కన ఆ నిమిషం సేపు నిలబడు అన్నాను.

ఈసారి పెట్టె చూపించిన ఓట్ల లెక్కింపు చూసి, తిన్నగా దాలమ్మ ఇంటికి వెళ్ళాను. పన్నెండు రోజులు కాలేదు. నోటితో చెప్పకూడదు. తలుపు వేసి, ఆమెని కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని నోటితోనే చెప్పాను, నువ్వు ఓడిపోయావు దాలమ్మా, నలభై ఓట్ల తేడాతో, నీ పెట్టె దాచింది, అది కొనమన్నది నేనే. దాలమ్మ మొహం పాలిపోయింది. నీళ్ళు ఇచ్చాను. కాసేపటికి, బల్లలు జరిపించింది తలుచుకుని కొంగు మొహాన కప్పుకుంది. గుండె ఆగలేదు. పక్కన మనిషి ఉంటే ఆగదేమో. ఇన్నేళ్ళూ పెట్టెకి వదిలేసి మనం ఒకరి పక్కన ఒకరం కూర్చోవడం తప్పించుకున్నామేమో.

తక్కిన రోజంతా అద్దం దగ్గరే. పోయిన ఆరు భాగాల సీరియల్ అక్క నోటితో చెప్పింది. దగ్గుతూ, ఆగుతూ. అత్తగారు పోయిందట. పోయే ముందు కోడల్ని పిలిచి తాళాలు ఇచ్చిందట. కోడలు తిరిగిచ్చేసి, నువ్వే ఉండు అని ఏడ్చిందట. ఆ ముక్క చెబుతూ అక్క నా మొహం చూడలేదు, నేనూ అద్దంలోకి చూడలేదు. ఆమెతో పాటు నేనూ నేల మీదికి వెళ్ళాలంటే పది రోజులు ఒత్తిడి గదిలో ఉండాలి, లిఫ్టు రేపే. మా పంపులవాళ్ళకి పైకి వెళ్ళే సెలవు పదేళ్ళకొకటి, నాది పోయిన ఏడే అయిపోయింది. డాక్టరమ్మ చెప్పేదాన్ని బట్టి అక్కకి ఏడాదో, రెండేళ్ళో. అవన్నీ ఇద్దరికీ తెలుసు. కనక సీరియల్ గురించే మాట్లాడుకున్నాం.

పదకొండో రోజు. 2 నుంచి 1.

రాత్రే గౌరీశు నేనూ కలిసి పై వరండాలోని ఫోను తీగని పంపుల దాకా లాగాం. నిబంధనలకి విరుద్ధం. గౌరీశు నిబంధనల పుస్తకాన్ని తీగ కింద ఎత్తు పెట్టాడు.

ఆరింటికి వాల్వు మీద చెయ్యి వేశాను. ఆఖరి గీత దించితే గది తలుపు లిఫ్టు వైపు తెరుచుకుంటుంది. మా వైపు తెరుచుకోదు. ఈ చేత్తో తిప్పకపోతే ఇంకొకరు తిప్పుతారు, అక్కకి చెవులు నొప్పెడతాయి. అందుకని నేనే తిప్పాను. మామూలుగా గంట పడుతుంది. నేను నాలుగు గంటలు తీసుకున్నాను. లిఫ్టువాళ్ళు రెండుసార్లు మనిషిని పంపారు. గౌరీశు వాకిట్లో నిలబడి వెనక్కి పంపేశాడు.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కళ్ళు సూది మీద పెట్టుకుని మాట్లాడాను. అక్క చాలా అడిగింది. పైపు కారేచోట గుడ్డ కట్టానా, కంచం బోర్లించే ఉంచానా, పులుసులో ఉప్పు తగ్గించానా. కొలిచి వేస్తున్నానన్నాను. చివరికొచ్చేసరికి ఆమె గొంతు బాగా సన్నగిల్లింది.

“పైన కూడా మన టీవీ వస్తాదట, ఒక్క రోజు ఎనక. ఏ పెట్టె కొనమంటావే?” అంది.

“బటన్లు ఎక్కువున్నది కొనక్కా,” అన్నాను. “నాకు ఒంట్లో బాగా లేకపోతే వార్డు కబుర్లలో చెబుతారు. నువ్వు చూడాలి.”

“నువ్వూ అదే కొను. హార్మోనియం నేర్చుకో,” అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది.

పదిగంటల అయిదు నిమిషాలకి సూది ఒకటి మీద నిలిచింది. పైపులో మూడుసార్లు చప్పుడైంది. నేను తిరిగి మూడు కొట్టాను. అవతల తలుపు తీసిన చప్పుడు, చక్రాల చప్పుడు. నేను ఇంకోసారి మూడు కొట్టాను. ఏమీ రాలేదు.

రిజిస్టరు మూసేముందు కింది రెండు గళ్ళూ ఈసారి నింపుతున్నాను. ఇన్ని రోజులూ ఖాళీగా వదిలేసినవి.

రోగి పేరు: బోనెల అప్పలకొండ.

గంట పనికి నాలుగు గంటలు పట్టడానికి కారణం: లోపల ఉన్నది మా అక్క.